ఎనిమిది భాగాల రాతి చెయ్యి

ఢిల్లీలో మా డైరెక్టర్ జనరల్ గారికి జ్వరం వచ్చింది. జ్వరాలు అందరికీ వస్తాయి. నాకొస్తే మిరియాల కషాయం తాగి డ్యూటీకి పోతాను. ఆయన పెద్దవారు కాబట్టి మూడు రోజులు మంచం దిగకుండా, మనవరాలు పెట్టిచ్చిన క్రైమ్ సీరియల్ ఒకటి ఎనిమిది భాగాలూ వరసగా చూశారు. అందులో ఒక కేంద్ర దర్యాప్తు బృందం ఉంటుందట. ఆ బృందంలో ఒక్కరూ పద్ధతిగా ఉండరట. ఒకడు మేధావి, సంసారం కూలిపోయినవాడు. ఒకావిడ పై అధికారి మాట వినదు. ఒకడు పాత దొంగ. వీళ్ళంతా చీకటి గదిలో కూర్చుని, గోడ మీది ఫోటోలకి ఎర్ర దారాలు కట్టి, ఎనిమిదో భాగం చివర్లో దేశాన్ని కాపాడేస్తారట. నాలుగో రోజుకి ఆయనకి జ్వరం తగ్గింది. మాకు పట్టుకుంది.

నా పేరు సనపల తవిటయ్య. కేంద్ర విశేష దర్యాప్తు విభాగం, విశాఖపట్నం శాఖలో హెడ్ కానిస్టేబుల్ని. కేసుల్లో పట్టుబడిన సామాన్లు దాచే గదిని మాల్‌ఖానా అంటారు. ఆ గది తాళమూ, ఆ గది రిజిస్టరూ నా దగ్గరే ఉంటాయి. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఏ రిజిస్టర్లోనూ ఒక్క గడి ఖాళీగా వదిలిన పాపాన పోలేదు. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు, ముందు ముందు అవసరం పడుతుందని చెబుతున్నాను.

ఢిల్లీ నుంచి సర్క్యులర్ వచ్చింది. నలభై రెండు పేజీలు, ఆరు అనుబంధాలు. 'అసాంప్రదాయిక దర్యాప్తు బృందాల ఏర్పాటు, నిర్వహణ, పర్యవేక్షణ పథకం' అని పేరు. మా ఎస్పీ నీలంరాజు ఫణీంద్ర గారు అందరినీ హాల్లో నిలబెట్టి చదివి వినిపించారు.

"అసాంప్రదాయికత అనేది కఠినమైన క్రమశిక్షణతో అమలుపరచవలసిన విషయం," అన్నారు ఎస్పీ గారు. "ఎవరికి తోచినట్టు వారు అసాంప్రదాయికంగా ఉంటే కుదరదు. అనుబంధం-క లో సూచించిన రీతిలోనే ఉండాలి."

అనుబంధం-క ప్రకారం బృందానికి ముందు ఒక మేధావి కావాలి. మా శాఖలో తెలివైనవాడంటే ఇన్‌స్పెక్టర్ గుత్తుల భానోజీరావు గారే. ఆయన తెలివంతా ఒక్కటే, వెళ్ళి మనుషుల్ని అడగడం, అడిగింది కాగితం మీద పెట్టడం. ఇబ్బందల్లా ఆయన సంసారం దగ్గరొచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా భార్య తులసమ్మ గారితో చిలకా గోరింకల్లా ఉన్నాడు. పథకం ప్రకారం మేధావి వ్యక్తిగత జీవితం భగ్నమై ఉండాలి, గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలి.

"సార్, మా ఇంట్లో గొడవలేం లేవు సార్," అన్నాడు భానోజీరావు గారు.

"మూడు పనిదినాల గడువు ఇస్తున్నాను," అన్నారు ఎస్పీ గారు.

మూడో రోజున భానోజీరావు గారు ఆఫీసు వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. తులసమ్మ గారు పెట్టిన శాపనార్థాలు పెదవాల్తేరు అంతా వినబడ్డాయి. ఆ కేకలే పంచనామా రాయించి ధ్రువపత్రానికి జత చేశాం. మధ్యాహ్నం క్యారేజీ మాత్రం ఆవిడ పంపుతూనే ఉండేది, గోడ మీంచి నేనందుకునేవాణ్ణి.

మాట విననివారి స్థానం ఎస్సై సుగుణకుమారికి దక్కింది. పాపం ఆ పిల్ల చిన్నప్పటినుంచీ తరగతిలో మొదటి బెంచీ. ఎస్పీ గారు పిలిచి, "ఈ రోజు నుంచి నువ్వు నా ఆదేశాలు పాటించకూడదు," అన్నారు.

"సరే సార్," అంది.

"సరే అనడం విధేయత."

"సారీ సార్. సరే అనను సార్."

"అదీ విధేయతే."

సుగుణకుమారి ఏడ్చేసింది. చివరికి సర్క్యులరే దారి చూపించింది. ఏ ఆదేశాన్ని ధిక్కరించదలచుకున్నదీ ఉదయం పదకొండు లోపల మూడు ప్రతుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. అనుమతి వచ్చాక ధిక్కరించవచ్చు. ఆమె మొదటి దరఖాస్తు టోపీ పెట్టుకోకపోవడం గురించి. ఐదు రోజులకి మంజూరైంది.

ఇక పాత దొంగ. నేరచరిత్ర ఐదేళ్ళకి తగ్గకుండా ఉండాలి, కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి సత్ప్రవర్తన సర్టిఫికెట్టూ జతచేయాలి. బీచి రోడ్డులో మరమరాల మురీ మిక్చర్ అమ్ముకునే జామి ఎర్రయ్య దొరికాడు. వయసులో బస్సుల్లో జేబులు కొట్టేవాడు. స్టేషన్లో ఆయనకి రాసిచ్చిన కాగితం నేనే చూశాను. 'ఇతడు పాత నేరస్తుడనియు, ప్రస్తుతం సత్ప్రవర్తన కలవాడనియు, ప్రభుత్వం కోరినచో తిరిగి నేరం చేయగలడనియు' అని ఉంది.

"ఏటి బాబూ ఇది," అన్నాడు ఎర్రయ్య నాతో. "పదేనేళ్ళు కష్టపడి మానీసినాను. మా ఆడది ఇంటే సంపీగల్దు."

అందరూ కుదిరాక చీకటి సమస్య వచ్చింది. సీరియల్లో వాళ్ళు రాత్రుళ్ళు పని చేస్తారు. మాకు ఐదున్నర దాటితే అదనపు డ్యూటీకి అనుమతి లేదు. అందుకని సమావేశ మందిరం కిటికీలకి నల్ల కాగితం అంటించి, లైట్లు తీసేసి, అందరికీ టార్చీలు ఇచ్చారు. మా శాఖలో రాత్రి ఉదయం పదింటికి మొదలై సాయంత్రం ఐదున్నరకి ముగిసేది. ఒంటిగంట నుంచి రెండు దాకా భోజనాలకి తెల్లవారేది.

గోడకి బోర్డు పెట్టారు. ఎర్ర దారం పూజాసామాన్ల కొట్లో దొరికింది, మొలతాళ్ళు. బోర్డు మీద పన్నెండు ఫోటోలకి తక్కువ ఉండకూడదని నిబంధన. కేసులింకా రాలేదు. ఎస్పీ గారు సిబ్బంది సర్వీసు పుస్తకాల్లోంచి ఫోటోలు తెప్పించి అంటించమన్నారు. కుడివైపు మూల నాది పెట్టారు. పాతికేళ్ళ కిందటి ఫోటో, మీసాలున్నాయి. "బాగున్నావు తవిటయ్యా," అన్నాడు భానోజీరావు గారు టార్చి వేసి. నేనూ కాస్త మురిసిపోయాను. ముసలితనంలో బుద్ధి గడ్డి తింటుందని ఊరికే అనలేదు.

మొదటి కేసు వచ్చింది. బొర్రమెట్ట మ్యూజియం, కేంద్ర ప్రభుత్వానిది. కొండ మీద తవ్వకాల్లో దొరికిన బుద్ధుడి రాతి చెయ్యి, భయపడకు అన్నట్టు అరచెయ్యి ముందుకి చాచి ఉంటుంది, అద్దాల పెట్టెలోంచి మాయమైందని కొత్తగా వచ్చిన అధికారి ఫిర్యాదు చేశాడు. ఆ పూటే అక్కడి వాచ్‌మన్ బెవర పోలినాయుడిని అరెస్టు చేసి జైలుకి పంపారు. అతను మావాళ్ళతో చెప్పింది ఒక్కటే మాట.

"ఆ సెయ్యి రెండేళ్ళ కింద మీవోళ్ళే కదా బాబూ అట్టుకెళ్ళినారు. సీటీ కూడా ఇచ్చినారు."

వాంగ్మూలంలో ఇలా రాశారు: 'నిందితుడు దర్యాప్తు సంస్థపైనే నింద మోపి తప్పుదారి పట్టించుటకు తెగించెను.'

మర్నాడు ఉదయం ఆఫీసు మెట్లెక్కుతుంటే వరండా బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. చేతిలో గుడ్డసంచీ. పోలినాయుడి భార్యనని, పేరు అసిరమ్మ అని చెప్పింది.

"ఆడికి ఉబ్బసం బాబూ. ఆ పీల్చే మందు లేకపోతే గాలాడదు. జైలోళ్ళు కాయితం తెమ్మంతన్నారు. ఆ కాయితం ఇక్కడిత్తారంట."

కాగితం నేను రాయించి ఇచ్చాను. ఇచ్చానే గాని ఆ మనిషి మాట నాకు కుట్టింది. మీవాళ్ళే పట్టుకెళ్ళారు అన్నాడు. దొంగయితే పక్కింటివాడి పేరు చెబుతాడు గాని, పట్టుకున్న పోలీసు పేరే చెబుతాడా? మాల్‌ఖానాకి వెళ్ళి రిజిస్టరు తీశాను. రెండేళ్ళ కిందటి పేజీ, నాకంటే ముందు ఈ గది చూసినాయన చేతిరాత. 'వరస సంఖ్య 214. రాతి చెయ్యి, ఒకటి. బొర్రమెట్ట మ్యూజియం నుండి, నకిలీ విగ్రహాల కేసులో పోల్చి చూచు నిమిత్తం.' లోపలికి వెళ్ళాను. కింది అరలో గోనెసంచీ. మూతి విప్పితే అరచెయ్యి నా వైపే చాపి ఉంది.

నకిలీ కేసు ఏనాడో మూసేశారు. చెయ్యి తిరిగివ్వడం ఎవరికీ గుర్తు లేదు. అప్పటి మ్యూజియం అధికారి రిటైరయ్యాడు, అద్దాల పెట్టెలో పెట్టిన చీటీ సున్నాలు వేసేవాళ్ళు తీసి పారేశారు. అంతే కథ. పదకొండున్నరకల్లా కేసు తేలిపోయింది. పోలినాయుడు సాయంత్రానికి ఇంటికెళ్ళి గంజి తాగొచ్చు. బెంచీ మీద అసిరమ్మని చూసి, "కాస్త ఓపిక పట్టమ్మా, అంతా మంచే జరుగుతుంది," అని కూడా అన్నాను. నా నోటికి తాళం వెయ్య.

ఎస్పీ గారున్న చీకటిగదికి పరిగెత్తాను.

"సార్, ఆ రాతి చెయ్యి మన మాల్‌ఖానాలోనే ఉంది సార్."

ఎస్పీ గారు టార్చి నా మొహం మీద వేశారు. "ఎలా కనుక్కున్నావు?"

"రిజిస్టరు చూశాను సార్."

ఆయన టార్చి బల్ల మీదికి తిప్పారు. తర్వాత సర్క్యులర్ తెరిచి నా ముందు పెట్టారు.

"రిజిస్టరు చూడటం సాంప్రదాయిక పద్ధతి, తవిటయ్యా. ఈ కేసు పథకం కింద నమోదైంది. అనుబంధం-గ, ఏడో పేరా చదువు."

చదివాను. 'పథకం కింద నమోదైన ప్రతి కేసూ ఎనిమిది వారములకు తక్కువ కాకుండా సాగవలెను. వారమునకొక నివేదిక. ప్రతి నివేదిక చివర ఉత్కంఠ ఉండవలెను. రిజిస్టర్లు, రసీదులు, సాక్షులు మున్నగు సాంప్రదాయిక మార్గములలో తేలిన ఫలితములు చెల్లవు.'

"సార్, అక్కడ మనిషి జైల్లో ఉన్నాడు సార్. ఉబ్బసం సార్ అతనికి."

"అతను మొదటి భాగంలో అనుమానితుడు. మొదటి భాగంలో అనుమానితుణ్ణి వదిలేస్తే రెండో భాగంలో ఏం రాస్తాం? భావోద్వేగాలకి తావివ్వకు."

వరండాలోకి వచ్చాను. అసిరమ్మ లేచి నిలబడింది. ఆమె మొహం చూడలేక పెరటి దారిన బయటికి పోయాను. సిగ్గుగా ఉంది, చెప్పడానికి కూడా.

మొదటి వారం నివేదిక 'ఇంతలో...' అనే మాటతో ముగిసింది. ఢిల్లీ మెచ్చుకుంది. రెండో వారం నివేదికకి చీవాట్లు వచ్చాయి. 'ఉత్కంఠ చాలదు. బోర్డు మీద దారములు పలచగా ఉన్నవి.' దారాలు పెంచారు. నా ఫోటోకి కూడా రెండు చుట్లు వేశారు, మిగిలిన దారం వృథా పోకుండా. బెయిలు అర్జీ వచ్చినప్పుడల్లా మావాళ్ళు కోర్టులో 'దర్యాప్తు కీలకమైన మలుపులో ఉన్నది' అని అడ్డుపడ్డారు. అబద్ధమని ఎవరూ అనలేరు. వారం వారం మలుపే.

నేను ఊరుకోలేదు. 214 వరస సంఖ్యతో సహా అంతా రాసి, సంతకం పెట్టి, తిన్నగా ఢిల్లీకి ఉత్తరం వేశాను. వారంలో జవాబొచ్చింది. ఎస్పీ గారు నన్ను పిలిచి చెయ్యి కలిపారు.

"శభాష్ తవిటయ్యా! మూడో భాగానికి ఒక తప్పుదారి ఉండాలని నిబంధన. ఏం రాయాలా అని తల పట్టుకున్నాం. నీ ఉత్తరాన్ని ఢిల్లీవారు తప్పుదారిగా ఆమోదించారు. దర్యాప్తు సంస్థ గదిలోనే వస్తువు ఉండటం! ఎంత ఊహ నీది!"

"అది ఊహ కాదు సార్. వచ్చి చూడండి సార్, పది అడుగుల దూరం."

"తప్పుదారిగా నమోదైన విషయాన్ని మళ్ళీ పరిశీలించడానికి వీల్లేదు. చూడకూడదు. నేను చూస్తే నామీద చర్య తీసుకుంటారు."

దాంతో నిజానికి ఆ దారి మూసుకుపోయింది. చెయ్యి మాల్‌ఖానాలో ఉంది గాని, ఉన్నట్టు కాదు. నేను రోజూ తాళం తీసి దాని మీద దుమ్ము దులిపేవాణ్ణి. భయపడకు, భయపడకు అనేది. నీకేం, రాయివి.

అసిరమ్మ రోజూ పదింటికి వచ్చి బెంచీ మీద కూర్చునేది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు. పోలినాయుడి సంగతి నేనే అడిగి తెలుసుకునేవాణ్ణి. తడి నేల, దగ్గు ఎక్కువైంది. నాలుగో వారం రాత్రంతా కూర్చునే ఉంటున్నాడట, పడుకుంటే ఊపిరి ఆడక.

ఆరో వారంలో ఒక రోజు బెంచీ ఖాళీగా ఉంది. పదకొండయింది, పన్నెండయింది, ఆవిడ రాలేదు. నాకు అన్నం సయించలేదు. భానోజీరావు గారు కూడా తులసమ్మ గారి క్యారేజీ మూత తీసి మళ్ళీ పెట్టేశాడు. మర్నాడు వచ్చింది. కళ్ళు లోతుకి పోయి ఉన్నాయి.

"నిన్న ఆస్పట్లో ఏసినారు బాబూ. మూతికి ఆ గొట్టం ఎట్టినారు. నన్ను గుర్తట్టలేదు." సంచీ ఒళ్ళోకి లాక్కుని అంది, "ఇంకెన్నాళ్ళు బాబూ? మీ లెక్కలో ఎన్నాళ్ళో సెప్పండి. నాను ఆడికి సెప్తాను. తెలిత్తే ఓర్సుకుంతాడు."

భానోజీరావు గారు విన్నాడు. ఆ రోజు చీకటిగదిలో టార్చి ఆర్పేశాడు. తర్వాత నన్నూ ఎర్రయ్యనీ పిలిచాడు.

"తవిటయ్యా, చెయ్యి ఇక్కడ ఉన్నంతకాలం దొరకదు. ఇంకెక్కడైనా ఉంటే నేను కనిపెట్టొచ్చు. మేధావిని కదా, ఎలా కనిపెట్టానో ఎవడూ అడగడు."

"అంటే మన సొత్తు మనమే దొంగతనం చెయ్యాలా సార్?"

"మన బృందంలో దొంగ ఉన్నాడు గదా. జీతమిస్తున్నాం."

ఎర్రయ్యకి పౌరుషం వచ్చింది. నేను తాళంచెవి ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "తాళం సేతికిత్తే అది దొంగతనం ఎలగవుద్ది బాబూ? నానేటి, సుట్టపు సూపుకొచ్చినానా?" అని ఒక ఇనుప చువ్వ పట్టుకుని మధ్యాహ్నం ఒంటిగంట నుంచి, అందరూ వెలుగులో భోజనాలు చేస్తుండగా, తలుపు దగ్గర కుస్తీ పట్టాడు. పదిహేనేళ్ళ విరామం, పైగా ఆయనది జేబుల పని, తాళాల పని కాదు. చువ్వ రెండుసార్లు కిందపడింది. ముప్పావుగంట చూసి, ఆయన అటు తిరిగి చెమట తుడుచుకుంటున్నప్పుడు నేనే తాళం తీశాను. "సూసినావా బాబూ, ఇద్దె మర్సిపోలేదు," అన్నాడు మురిసిపోతూ. గోనెసంచీ కూడా ఆయన లేపలేకపోయాడు. చెయ్యిని దుప్పట్లో చుట్టి నేనే భుజాన వేసుకున్నాను. ఖాళీ సంచీ అరలోనే ఉండిపోయింది.

బయటికి రాబోతూ ఆగిపోయాను. టేబుల్ మీద రిజిస్టరు. వస్తువు బయటికి వెళితే 'ఎక్కడికి, ఎందుకు, ఎవరి అనుమతి' అని మూడు గడులు నింపాలి. పెన్ను మూత తీశాను.

"రాస్తే అది ఇక్కడ ఉండేదని ఒప్పుకున్నట్టే కదా," అన్నాడు భానోజీరావు గారు నెమ్మదిగా. "తప్పుదారి నిజమైపోతుంది. ఎనిమిది వారాల కేసూ చెల్లకుండా పోతుంది. మళ్ళీ మొదటి భాగం నుంచి మొదలుపెడతారు. పోలినాయుడు బయటికొచ్చాక రాద్దాంలే తవిటయ్యా. నేను నీ పక్కనే ఉంటాను."

మళ్ళీ మొదటినుంచి అంటే ఇంకో ఎనిమిది వారాలు. పోలినాయుడికి అన్ని వారాలు లేవు. ఆ మూడు గడులూ మళ్ళీ ఒకసారి చూశాను. ముప్పై ఒక్క ఏళ్ళు. పెన్ను మూత పెట్టేశాను. నా స్కూటర్ ముందు కాళ్ళ దగ్గర పెట్టుకుని, బుద్ధుడి చేతిని ఎండలో తోలుకుంటూ చేపలరేవుకి పోయి, ఒక పాత బోటులో దాచాను. దారిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపి హెల్మెట్ లేదని మందలించాడు, దుప్పట్లో ఏముందని అడగలేదు.

ఎనిమిదో భాగం రేవులో పెట్టాలని ఎస్పీ గారు ముందే నిర్ణయించారు. వెనక సముద్రం ఉంటే బాగుంటుందన్నారు. తుప్పు పట్టిన ఆ పాత బోటు పక్కన భానోజీరావు గారు నిలబడ్డాడు. నిబంధన ప్రకారం మేధావి పది నిమిషాలకి తక్కువ కాకుండా కళ్ళు మూసుకోవాలి. ఆయన పదకొండు నిమిషాలు మూసుకున్నాడు. సుగుణకుమారి వచ్చి, "సార్ వెళ్ళొద్దన్నారు, అయినా నేను వెళుతున్నాను!" అంటూ మంజూరైన దరఖాస్తు పైకెత్తి చూపించి బోటులోకి దూకింది. దూకి, చెయ్యిని పైకెత్తింది. విలేకర్లు చప్పట్లు కొట్టారు. ఎవరో కుర్రాళ్ళు ఈల వేశారు.

పోలినాయుడిని వదిలేశారు. నివేదికలో అతను నిందితుడు కాదని రాస్తే అరెస్టు తప్పవుతుంది. కాబట్టి 'అసలు దొంగలను ఏమరుపాటుకు గురిచేయుటకై బృందం వ్యూహాత్మకంగా నిలిపిన అనుమానితుడు' అని రాశారు. ఎస్పీ గారు అతన్ని పిలిపించి ప్రశంసాపత్రం ఇచ్చారు. 'ఎనిమిది వారములు అనుమానితుని బాధ్యతను నిష్ఠతో నిర్వర్తించినందులకు' అని ఉంది. పోలినాయుడు దాన్ని రెండు చేతులా అందుకుని, దగ్గు తెర ఆగాక, "ఇది సూపిత్తే మల్లీ అట్టుకోరా బాబూ?" అని అడిగాడు. ఎస్పీ గారు గడియారం చూసుకున్నారు. అసిరమ్మ అతని రెక్క పట్టుకుని మెట్లు దింపింది. వెళ్ళేముందు నా వైపు చూసి చేతులు జోడించింది. ఆ పూట నేను కడుపునిండా తిన్నాను.

భానోజీరావు గారికి ప్రమోషనిచ్చి, వారంలోగా ఢిల్లీలో మేధావులకి శిక్షణ ఇచ్చే పోస్టుకి పంపేశారు. ఆయన వెళ్ళిన మూడో రోజున మాల్‌ఖానా వార్షిక తనిఖీ జరిగింది. నేనింకా గడులు నింపలేదు. నింపడానికి ఆయన సంతకం కావాలి, ఆయన ఢిల్లీలో ఉన్నాడు. వరస సంఖ్య 214 దగ్గర తనిఖీ అధికారి ఆగాడు. గోనెసంచీ ఖాళీ.

నన్ను చీకటిగదిలో ఎస్పీ గారి ముందు నిలబెట్టారు. అంతా చెప్పేశాను, పూసగుచ్చినట్టు.

"సార్, మ్యూజియంలో ఇప్పుడున్నది ఆ చెయ్యే సార్. రిజిస్టరు పక్కన పెట్టి చూడండి, 214 అంకె మణికట్టు కింద సుద్దతో రాసి ఉంటుంది."

"అది దొరికిన కేసు, తవిటయ్యా. ఇది పోయిన కేసు," అన్నారు ఎస్పీ గారు. "రెండింటినీ కలిపి చూడటం సాంప్రదాయిక ధోరణి. పైగా మాల్‌ఖానాలో చెయ్యి ఉందన్న విషయం మూడో భాగంలోనే తప్పుదారిగా నమోదైంది."

"మరి లేని చెయ్యిని నేనెలా దొంగిలించాను సార్?"

ఎస్పీ గారు నన్ను జాలిగా చూశారు. "అదే ఈ కేసులో ఉత్కంఠ."

తర్వాత టార్చి బోర్డు వైపు తిప్పారు. కుడివైపు మూల నా ఫోటో, దానికి రెండు చుట్ల ఎర్ర దారం. "మొదటి రోజు నుంచీ నీ ఫోటో ఇక్కడే ఉంది. మా బృందం ఎంత ముందుగా పసిగట్టిందో చూడు," అన్నారు. ఆ మాట మర్నాడు పత్రికల్లో కూడా వచ్చింది.

భానోజీరావు గారు ఢిల్లీ నుంచి పరుగున వచ్చి వాంగ్మూలం ఇచ్చాడు, తప్పు తనదేనని, చేయించింది తానేనని. చెల్లలేదు. మేధావి మాటలు ఎనిమిదో భాగం దాకా ఎవరూ నమ్మరాదని అనుబంధం-క లోనే ఉంది. ఎర్రయ్య కూడా వచ్చి, "దొంగతనం సేసింది నాను బాబూ, తాళం నానే తీసినాను," అని గుండెలు బాదుకున్నాడు. ఆయన సత్ప్రవర్తన సర్టిఫికెట్ చూపించి పంపేశారు. తులసమ్మ గారొక్కరే సరైన పని చేశారు. రైలు దిగిన భానోజీరావు గారిని అటునుంచి అటే ఇంటికి లాక్కుపోయారు. మేధావి పోస్టు ఖాళీ అయింది.

నన్ను పోలినాయుడు ఉన్న గదిలోనే పెట్టారు. నిన్న ములాఖత్‌కి ఆ ఇద్దరూ వచ్చారు. పోలినాయుడు ఎండిపోయి ఉన్నాడు గాని మాట బాగానే వస్తోంది. ఇనుప జాలీకి నోరు ఆనించి, "ఎడమేపు గోడకాడ పడుకోకండి బాబూ, అటేపు నీరు కారుద్ది. తలుపుకాడ పొడిగా ఉంటాది," అని చెప్పాడు. అసిరమ్మ సంచీలోంచి దిబ్బరొట్టె తీసి కాపలావాడికి ఇచ్చింది, నాకందించమని.

"మీ ఇంటావిడ దిగులెట్టుకుంది బాబూ. నాను తోడుగా ఎల్తన్నాను. ఆ బెంచీ మీద ఇద్దరం కూసుంటన్నాం," అంది. జాలీకి దగ్గరగా వచ్చింది. తర్వాత గొంతు తగ్గించింది. "నానెల్లి ఉన్నదున్నట్టు నిజం సెప్పీనా బాబూ? పేపరోళ్ళ ముందర సెప్పీగల్ను. నాకేటి బయ్యం?"

నేను రెండు చేతులూ జోడించాను.

"వద్దమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఇది రెండో వారం. ఇప్పుడు నిజం చెప్పావంటే మూడో వారానికి దాన్ని తప్పుదారిగా రాసేస్తారు. ఇక నేను బయటికి రాను. ఎనిమిదో వారం దాకా ఆగు. అప్పుడు వాళ్ళకి ఏదో ఒకటి దొరకాలి, అప్పుడు చెప్పు."

అసిరమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఆమెకి ఈ లెక్క మనకంటే బాగా వచ్చు. కొంగుతో కళ్ళు తుడుచుకుని తలూపింది.

"అలగే బాబూ. అందాకా ఎవులడిగినా అబద్దమే సెప్తాను."